వారంటీ ఇక్కడ, లాప్‌టాప్ అక్కడ: ఉబ్బిన బ్యాటరీ కేసు ఒకటి

ఏటా జూన్ నుంచి ఆగస్టు దాకా మన జిల్లాల్లో లాప్‌టాప్ షోరూంలకు వచ్చేవాళ్లలో పై చదువులకు విదేశాలు వెళ్లే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు చాలామందే ఉంటారు. పచ్చళ్లు, ప్రెషర్ కుక్కర్, దుప్పట్లతోపాటు లాప్‌టాప్ కూడా సూట్‌కేసులో సర్దవలసిన సామాను జాబితాలో చేరిపోయింది. అది అక్కడికి వెళ్లాక పాడైతే ఎవరిని అడగాలన్న ప్రశ్న మాత్రం పాడైన రోజునే తలెత్తుతుంది. వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిగా అలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. వాటిలో ఒక కేసును ఇక్కడ వివరంగా నమోదు చేస్తున్నాను. అందులో నేను మొదట వేసిన అడుగు తప్పు కావడం, ఆ తర్వాత దారి దొరికిన చోటు నేను వెతికిన చోటు కాకపోవడం ఇందుకు కారణాలు. కుటుంబాన్ని గుర్తుపట్టగల వివరాలు, ఊళ్ల పేర్లు, కంపెనీ, షోరూం పేర్లు వదిలేశాను, మొత్తాలను కొద్దిగా మార్చాను. నిర్ణయాల క్రమం మాత్రం జరిగినట్టే ఉంది.

నేపథ్యం

తండ్రికి ఒక చిన్న పట్టణంలో ఎరువుల దుకాణం ఉంది. కొడుకుకు జర్మనీలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ సీటు వచ్చింది. 2023 జులైలో ఇద్దరూ దగ్గరలోని నగరానికి వెళ్లి, ఒక పెద్ద షోరూంలో 84,990 రూపాయలకు లాప్‌టాప్ కొన్నారు. తయారీదారు వారంటీ ఒక సంవత్సరం. దానిమీద మరో రెండేళ్లు వర్తించే పొడిగింపు ప్లాన్‌ను షోరూం వాళ్లు 6,499 రూపాయలకు అమ్మారు. శీతాకాల సెమిస్టరు అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి కొడుకు సెప్టెంబరు ఆఖరుకే వెళ్లిపోయాడు.

బిల్లు తండ్రి సొంత పేరు మీద ఉంది. మామూలుగా పట్టించుకోని ఈ విషయాన్ని నేను మొట్టమొదట చూశాను. దుకాణదారులు ఇంటికి కొనే వస్తువును కూడా ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలు) కోసం దుకాణం జీఎస్టీ నంబరు మీద బిల్లు చేయించుకోవడం మన దగ్గర మామూలే. అలా చేస్తే రేపు వినియోగదారుల కమిషన్ ముందు అవతలి న్యాయవాది మొదటి వాక్యంలోనే, ఇది వాణిజ్య ప్రయోజనానికి కొన్న వస్తువని, ఈయన వినియోగదారుడే కాదని అంటారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారిని నిర్వచనం నుంచి తీసేస్తుంది. ఈ తండ్రికి ఆ రోజు షోరూంలో జీఎస్టీ నంబరు నోటికి రాలేదట, అంతే. మాకు కలిసొచ్చింది.

వచ్చిన సమస్య

2024 ఏప్రిల్ మధ్యలో లాప్‌టాప్ మూత సరిగ్గా మూతపడటం లేదని అబ్బాయి గమనించాడు. టచ్‌ప్యాడ్ నొక్కితే క్లిక్ అనడం మానేసింది. రెండు రోజుల తర్వాత బల్ల మీద పెడితే లాప్‌టాప్ ఒక పక్క ఊగుతోంది. వీడియో కాల్‌లో నాకు చూపించినప్పుడు, టచ్‌ప్యాడ్ ఉన్న భాగం అప్పడం పొంగినట్టు పైకి లేచి, అంచు దగ్గర గోరు పట్టేంత సందు కనిపించింది. లోపల బ్యాటరీ ఉబ్బింది. వారంటీ ముగియడానికి ఇంకా దాదాపు మూడు నెలలుంది.

అతను నా దగ్గరకు వచ్చేటప్పటికే రెండు పనులు చేశాడు. తయారీదారుకు జర్మనీలో ఉన్న సర్వీస్ విభాగానికి సీరియల్ నంబరు పంపాడు. ఇది భారతదేశంలో అమ్మడానికి ఉద్దేశించిన యంత్రమని, వారంటీ కొన్న దేశానికే పరిమితమని, కావాలంటే డబ్బు తీసుకుని బాగు చేస్తామని వాళ్లు జవాబిచ్చారు. తండ్రి ఇక్కడ షోరూంకు వెళ్తే, వాళ్లు కంపెనీ సర్వీస్ సెంటరుకు పంపారు. అక్కడి కౌంటరులో ఉన్న అమ్మాయి, వస్తువు తెస్తేనే జాబ్ షీట్ ఓపెన్ అవుతుందని చెప్పింది. ఆ మాటలో తప్పేమీ లేదు, వాళ్ల సాఫ్ట్‌వేర్ అలాగే ఉంటుంది. కానీ అక్కడివాళ్లు కొన్న దేశానికి వెళ్లమంటుంటే, ఇక్కడివాళ్లు వస్తువు తెమ్మంటుంటే, మధ్యలో ఉబ్బిన బ్యాటరీతో ఒక విద్యార్థి థీసిస్ ఆగిపోయి కూర్చున్నాడు.

మొదటి నిర్ణయం: చట్టానికి ముందు భద్రత

కుటుంబం ఆలోచన సులువైనది. అబ్బాయి గదిలో ఉండే ఇంకో తెలుగు కుర్రాడు మే నెలలో ఇంటికి వస్తున్నాడు, అతని చేత లాప్‌టాప్ పంపించేస్తే ఇక్కడ ఉచితంగా బాగు చేయించి తిరిగి పంపవచ్చని తండ్రి అన్నారు. నేను వద్దన్నాను. లోపం బయటపడిన, ఉబ్బిన లిథియం బ్యాటరీని విమానంలో పంపడాన్ని అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ప్రమాదకర వస్తువుల నిబంధనల్లోని ఏ154 అనే ప్రత్యేక నిబంధన నిషేధిస్తుంది. ప్రయాణికుడి బ్యాగులోకైనా అలాంటిది ఎక్కించకూడదు. కొరియర్ సంస్థలు కూడా ఈ మాట వినగానే వెనక్కి తగ్గుతాయి. చట్టం సంగతి అలా ఉంచినా, అబ్బాయి స్నేహితుడి చేతికి మంట అంటుకోగల సరుకు ఇచ్చి పంపమని సలహా ఇచ్చే ధైర్యం నాకు లేదు.

నిజానికి బ్యాటరీ తీసేశాక లాప్‌టాప్‌ను పంపడానికి అడ్డేమీ ఉండదు. కానీ తీయించిన బ్యాటరీయే మాకున్న ప్రధాన సాక్ష్యం. దాన్ని గదిలో దాచుకోమంటే ప్రమాదం, పురపాలక రీసైక్లింగ్ కేంద్రానికి ఇచ్చేస్తే లోపమే లేదని రేపు అవతలివాళ్లు అనడానికి వీలు. ఈ ఇరకాటం ఈ కేసంతా మమ్మల్ని వెంటాడింది. దీనికి దారి వెంటనే తోచలేదు. ఆ రోజుకు మాత్రం ఛార్జర్ పెట్టవద్దని, లాప్‌టాప్ ఆపేసి మంచానికి దూరంగా, గట్టి నేల మీద ఉంచమని, మూత బలవంతంగా మూయవద్దని, ఫొటోలు, వీడియోలు అన్ని పక్కలనుంచి తీసి పెట్టమని చెప్పాను. సీరియల్ నంబరు చీటీ, ఉబ్బిన భాగం ఒకే ఫ్రేములో కనిపించేలా కనీసం ఒక ఫొటో ఉండాలని పట్టుబట్టాను. విడివిడిగా తీసిన ఫొటోలు రెండు వేర్వేరు యంత్రాలవని వాదించడం తేలిక.

అతను ఛార్జ్ ఎందుకు త్వరగా దిగిపోతోందో తెలుసుకోవాలని, మూత తేడా కనిపించడానికి కొద్ది రోజుల ముందే, విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో బ్యాటరీ నివేదిక తీసి పెట్టుకున్నాడు. అందులో తయారీ నాటి సామర్థ్యం, ఇప్పుడు నిండుగా ఛార్జ్ అయినప్పటి సామర్థ్యం, ఎన్నిసార్లు పూర్తిగా ఛార్జ్ అయిందన్న లెక్క ఉంటాయి. అతని నివేదికలో ఆ లెక్క 143. తొమ్మిది నెలల వాడకానికి అది అసాధారణమేమీ కాదు. అతను దుర్వినియోగం చేశాడన్న వాదనకు ఆ ఒక్క అంకె తర్వాత బాగా అడ్డుపడింది.

పనిచేయనివి

యూరప్‌లో ఏ వస్తువుకైనా రెండేళ్లు వారంటీ ఉంటుందని అక్కడి స్నేహితులు అబ్బాయికి చెప్పారు. ఆ మాట పట్టుకుని అతను తయారీదారు జర్మన్ సంస్థకు ఒక ఘాటైన ఉత్తరం రాసేశాడు. స్నేహితులు చెప్పింది సగం నిజం. యూరోపియన్ యూనియన్‌లో అమ్మిన సరుకుకు కనీసం రెండేళ్ల చట్టబద్ధమైన బాధ్యత ఉన్న మాట వాస్తవమే. 2019/771 అనే ఆదేశం 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది, దానికి అనుగుణంగా జర్మన్ సివిల్ కోడ్ 477వ సెక్షన్ మొదటి ఏడాదిలో బయటపడిన లోపం అమ్మిననాడే ఉందని భావించమంటుంది, కాదని నిరూపించవలసింది అమ్మినవాడే. కానీ ఆ బాధ్యత అమ్మినవాడిది, తయారుచేసినవాడిది కాదు. మా అబ్బాయికి అమ్మింది ఆంధ్రప్రదేశ్‌లోని షోరూం. తయారీదారు తన ఇష్టంతో ఇచ్చే గ్యారంటీ అక్కడి 443వ సెక్షన్ ప్రకారం కూడా తాను రాసుకున్న షరతుల మేరకే కట్టుబడి ఉంటుంది, ఆ షరతుల్లో దేశం పరిమితి స్పష్టంగానే ఉంది. జర్మన్ సంస్థ మర్యాదగా ఈ మాటే రాసి ముగించింది.

తండ్రి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించారు. రెండు వారాల్లో కంపెనీ నుంచి వచ్చిన జవాబు, భారతదేశంలోని అధీకృత సర్వీస్ సెంటరులో పరిశీలన తర్వాతే వారంటీ వర్తింపు నిర్ణయిస్తాం అని. ఫిర్యాదు మూసేశారు. తండ్రికి అది పరాజయంలా కనిపించింది. నాకు అది ఉపయోగపడే కాగితం. హెల్ప్‌లైన్‌కు ఆజ్ఞాపించే అధికారం లేదు, కానీ కంపెనీ తన వైఖరిని రాతపూర్వకంగా చెప్పేలా చేస్తుంది. పరిశీలన తప్పనిసరి అన్నారు కాబట్టి, పరిశీలనకు అవకాశమిస్తే ఏమంటారన్న ప్రశ్న ఇక మిగిలింది. ఆ ప్రశ్న విలువ నాకు అప్పుడే తెలిసి ఉంటే బాగుండేది.

నేను చేసిన తప్పు ఇక్కడుంది. మే మొదటి వారంలో కంపెనీకి, షోరూంకు పంపిన లీగల్ నోటీసులో, లాప్‌టాప్‌ను జర్మనీలోనే ఉచితంగా బాగు చేయించాలని అడిగాను. న్యాయంగా అనిపించిన కోరికే. కానీ కంపెనీ ఆ వాగ్దానం ఎప్పుడూ చేయలేదు. వాళ్ల న్యాయవాది వారంటీ బుక్‌లెట్‌లోని దేశం పరిమితి పేరాను యథాతథంగా ఎత్తిరాసి, రెండు వాక్యాల్లో తేల్చేశారు. ఇవ్వని మాటను నిలబెట్టుకోమని అడిగితే వచ్చే జవాబు అదే. మూడు వారాలు పోయాయి.

ఇదే సమయంలో తండ్రి, తయారీ లోపమే కాబట్టి ప్రోడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి పరిహార బాధ్యత) కింద పెద్ద మొత్తానికి వేద్దామన్నారు, ఎవరో బంధువు చెప్పారట. 2019 చట్టంలో ఆ అధ్యాయం కొత్తగా వచ్చిన మాట నిజమే. కానీ సెక్షన్ 2(22)లో నష్టం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం, వస్తువుకే కలిగిన నష్టాన్ని, వారంటీ షరతుల ఉల్లంఘన వల్ల కలిగిన నష్టాన్ని స్పష్టంగా మినహాయిస్తుంది. బ్యాటరీ మంటలంటుకుని అతని చెయ్యి కాలి ఉంటే ఆ అధ్యాయం వర్తించేది. దేవుడి దయవల్ల అలా జరగలేదు.

దారి మారిన చోటు

రెండోసారి తండ్రి ఆఫీసుకు వచ్చినప్పుడు, కొనేటప్పుడు షోరూంలో ఏం మాట్లాడుకున్నారని అడిగాను. ఈ ప్రశ్న మొదటిరోజే అడగవలసింది. ఆయన ఫోను తీసి వాట్సాప్ చూపించారు. కొనడానికి ముందు రోజు ఆయన రాసిన ప్రశ్న: ‘మా బాబు జర్మనీ వెళ్తాడు. అక్కడ రిపేర్ వస్తే ఎలా?’ దాని కింద జవాబు: ‘వరల్డ్ వైడ్ వారంటీ సర్. నో టెన్షన్. ప్లాన్ తీసుకుంటే టోటల్ 3 ఇయర్స్ కవర్.’

ఆ రెండు పంక్తులతో కేసు స్వరూపమే మారింది. అంతవరకు మేము వారంటీ బుక్‌లెట్ మీద పోరాడుతున్నాం, అందులో అక్షరాలు కంపెనీవి. ఇప్పుడు పోరాటం అమ్మేటప్పుడు ఇచ్చిన మాట మీద. సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతిని నిర్వచిస్తూ, నోటిమాటగా గానీ రాతలో గానీ ఎలక్ట్రానిక్ రికార్డు ద్వారా గానీ చేసే తప్పుదారి పట్టించే ప్రకటనలను, వారంటీ రూపంలో ఇచ్చే తప్పుడు హామీలను అందులో చేరుస్తుంది. బుక్‌లెట్‌లో దేశం పరిమితి ఎంత స్పష్టంగా ఉంటే, షోరూం చెప్పిన మాట అంత అబద్ధమవుతుంది. కంపెనీ న్యాయవాది మాకు ఎత్తిరాసి పంపిన పేరాయే ఇప్పుడు షోరూం మీద మా సాక్ష్యం.

అయితే సాక్ష్యం ఉండడం వేరు, నిలబడడం వేరు. తండ్రి ఆ నంబరును ‘లాప్‌టాప్ షాప్ తమ్ముడు’ అని సేవ్ చేసుకున్నారు. స్క్రీన్‌షాట్‌లో ఆ పేరే కనిపిస్తోంది, నంబరు లేదు. ఆ తమ్ముడు ఎవరో మాకు తెలియదని షోరూం అంటే ఏం చేయాలి? కాంటాక్ట్ పేజీలో నంబరు కనిపించేలా విడిగా తీయించాను, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయించాను, బిల్లుకు పిన్ను కొట్టి ఇచ్చిన విజిటింగ్ కార్డు వెతికించాను. కార్డు వెనక బాల్‌పెన్నుతో అదే నంబరు, కింద పొడి అక్షరాల సంతకం. ఆ కార్డు వాళ్లింట్లో పాల లెక్కల పుస్తకంలో దొరికింది. ఫోను మార్చవద్దని, చాట్ తుడిచేయవద్దని తండ్రికి రెండుసార్లు చెప్పాను. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చింది కాబట్టి, ఎలక్ట్రానిక్ రికార్డులకు పాత సాక్ష్య చట్టం కింద ఇచ్చే 65బి ధ్రువపత్రానికి బదులు దాని 63వ సెక్షన్ కింద, రెండు భాగాల్లో, హాష్ విలువతో (ఫైలుకు వేలిముద్రలాంటి అంకెల గుర్తు) ధ్రువపత్రం జతచేశాం. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టుకోవు, అయినా అభ్యంతరానికి చోటివ్వకపోవడమే మేలు.

రెండో నోటీసు

మే చివర్లో పంపిన రెండో నోటీసులో కోరిక మార్చాను. ఇరకాటానికి దారి కూడా అందులోనే దొరికింది. పరిశీలన లేకుండా వారంటీ ఇవ్వలేమన్నారు కదా, సరే, పరిశీలించుకోండి అన్నాం. అబ్బాయి తన పట్టణంలోని ఒక స్వతంత్ర రిపేరు దుకాణంలో బ్యాటరీ తీయించాడు, దుకాణంవాళ్లు దాన్ని భద్రమైన డబ్బాలో ఉంచారు. ఆ దుకాణం చిరునామా ఇచ్చి, పది రోజుల్లోగా మీ జర్మన్ సంస్థ తరఫున ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని, రాకపోతే భద్రత దృష్ట్యా బ్యాటరీని రీసైక్లింగ్ కేంద్రానికి అప్పగిస్తామని, ఆ తర్వాత సాక్ష్యం లేదన్న వాదనకు మీకు హక్కుండదని రాశాం. కంపెనీ ఎవరినీ పంపలేదు, వద్దని కూడా రాయలేదు. పన్నెండో రోజున బ్యాటరీ వెళ్లిపోయింది, అప్పగించిన రసీదు మాకు మిగిలింది. లోపం తేల్చడానికి అవసరమైతే కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపవచ్చని సెక్షన్ 38 చెబుతుంది. బ్యాటరీ లేదు కాబట్టి కేసు కొట్టేయాలని కంపెనీ తర్వాత అడిగినప్పుడు ఈ పది రోజుల మౌనమే మా జవాబు.

దుకాణంవాళ్లు ఇచ్చే నివేదిక జర్మన్‌లో ఉంటే దానికి అనువాదం, అనువాదానికి ప్రమాణం, దానికి ఖర్చు. అందుకని లెటర్‌హెడ్ మీద ఆరేడు వాక్యాలు ఇంగ్లిషులో రాసిమ్మని అబ్బాయి చేత ముందే అడిగించాను. సీరియల్ నంబరు, తెరిచిన తేదీ, కంపెనీ సీళ్లు అంతకుముందు విప్పిన గుర్తులు లేవన్న మాట, నీళ్లు తగిలిన జాడ లేదన్న మాట, బ్యాటరీ మందం, టచ్‌ప్యాడ్‌కు కలిగిన నష్టం, ఇవి తప్పక ఉండాలన్నాను. బ్యాటరీకి 118 యూరోలు, టచ్‌ప్యాడ్ ఉన్న పై భాగానికి 76, పనికి 52, మొత్తం 246 యూరోలు అయింది. అతని కార్డు స్టేట్‌మెంటు ప్రకారం అది దాదాపు 22 వేల రూపాయలు. ఉచితంగా బాగు చేసేదాకా ఆగమని అతనికి చెప్పలేదు. థీసిస్ ఆపుకుని కూర్చుంటే నష్టం పెరుగుతుంది, పెరగనిచ్చిన నష్టాన్ని కమిషన్ మన ఖాతాలోనే వేస్తుంది.

ఫిర్యాదు, అభ్యంతరాలు

2024 ఆగస్టులో ఈ-దాఖిల్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా తండ్రి నివసించే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. పాత చట్టంలో అయితే అవతలివాళ్లు ఉన్నచోటనో, వివాదం పుట్టినచోటనో వేయవలసి వచ్చేది. 2019 చట్టం సెక్షన్ 34(2)(డి) ఫిర్యాదుదారు నివసించే చోటనే వేయనిస్తుంది. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. ఫిర్యాదుదారు తండ్రి ఒక్కరే. సొమ్ము కట్టింది, వాట్సాప్‌లో మాట్లాడింది ఆయనే. కొడుకు వాడుకరి మాత్రమే, అతని అనుభవం ప్రమాణపత్రంగా వస్తే చాలు.

ఆ ప్రమాణపత్రం దగ్గర అబ్బాయి కాస్త ఇబ్బంది పడ్డాడు. అక్కడి నోటరీ దగ్గర సంతకం చేసి, అపోస్టిల్ (ఒక దేశపు పత్రాన్ని మరో దేశంలో చెల్లేలా చేసే ధ్రువీకరణ ముద్ర) వేయించి పంపుతానన్నాడు. అపోస్టిల్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయి గానీ, భారతదేశం చేరికపై జర్మనీ అభ్యంతరం తెలిపినందువల్ల ఈ రెండింటి మధ్య అది చెల్లదు. అందుకని బెర్లిన్‌లోని మన రాయబార కార్యాలయంలో అపాయింట్‌మెంట్ తీసుకుని, కాన్సులర్ అధికారి ముందు సంతకం చేసి పంపాడు. రానూపోనూ ఒక రోజు, రైలు టికెట్ డబ్బు పోయాయి. ఆ టికెట్ కూడా ఖర్చుల కింద జతచేశాం.

తండ్రి కోరిక ఐదు లక్షల మానసిక వేదన పరిహారం. ‘ఎంత వేసినా ఫీజు లేనప్పుడు ఎక్కువ వేస్తే పోయిందేముందండీ?’ అని అడిగారు. లెక్క ప్రకారం ఆయన చెప్పింది నిజమే. ఇప్పుడు పరిధి, రుసుము రెండూ చెల్లించిన ధరను బట్టే ఉంటాయి, అడిగిన పరిహారాన్ని బట్టి కాదు. కానీ 22 వేల రిపేరుకు ఐదు లక్షలు అడిగిన ఫిర్యాదును చదివేవాళ్లు మొదటి పేజీ నుంచే అనుమానంతో చదువుతారు. రిపేరు ఖర్చు, పొడిగింపు ప్లాన్ సొమ్ము, వేదనకు 15 వేలు, ఖర్చులకు 10 వేలు దగ్గర ఆయన్ను ఒప్పించగలిగాను. పూర్తిగా తృప్తిపడలేదు.

ఫిర్యాదుకు కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చిన జవాబులో ఒక వాదన నాకు ఆసక్తి కలిగించింది. విదేశీ విద్యుత్ సరఫరా వల్ల, అసలుది కాని కేబుల్ వల్ల బ్యాటరీ చెడిపోయిందన్నారు. భారతదేశంలోనూ జర్మనీలోనూ ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అడాప్టరు మీద కంపెనీయే 100 నుంచి 240 వోల్టుల దాకా అని ముద్రించింది. అతను మార్చింది గోడ నుంచి అడాప్టరు దాకా వెళ్లే తీగను మాత్రమే, ఎందుకంటే మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్ అక్కడి సాకెట్‌లో పట్టదు. విద్యుత్తును బ్యాటరీకి తగినట్టు మార్చేది అడాప్టరు, అది పెట్టెలో వచ్చినదే. అడాప్టరు లేబులును ఒక పూర్తి పేజీ ఫొటోగా జతచేసి, జవాబును నాలుగు వాక్యాల్లో ముగించాం.

షోరూం తరఫున, ఆ మాట ఉద్యోగి వ్యక్తిగతంగా చెప్పినదని, అతను ఉద్యోగం మానేశాడని వాదించారు. అమ్మకం కోసం కౌంటరులో కూర్చోబెట్టినవాడి మాట అమ్మకందారు మాట కాదంటే ఎవరు నమ్ముతారు?

తేలిన తీరు

రాజీకి అవకాశం ఉందని భావించిన కమిషన్ సెక్షన్ 37 కింద, ఉభయుల అంగీకారంతో మధ్యవర్తిత్వానికి పంపింది. అక్కడ నేను ఊహించని విషయం జరిగింది. అందరికంటే ముందు లొంగింది పొడిగింపు ప్లాన్ దగ్గర షోరూం. ఆ ప్లాన్ షరతుల్లో సేవ భారతదేశంలోనే అని ఉంది. విదేశానికి వెళ్తున్నాడని తెలిసీ అతనికి దాన్ని అమ్మారు, అంటే అమ్మిన రోజునుంచే అది అతనికి పనికిరాని కాగితం. బ్యాటరీ ఎందుకు ఉబ్బిందన్న సాంకేతిక చర్చ ఇందులో అవసరమే లేదు. 6,499 రూపాయలు వెనక్కివ్వడానికి షోరూం మొదటి సిట్టింగులోనే ఒప్పుకుంది. ఒకసారి ఆ తప్పు ఒప్పుకున్నాక, వారంటీ గురించి చెప్పింది మాత్రం నిజమని అనడం వాళ్లకు కష్టమైంది.

రెండో సిట్టింగులో కంపెనీ, పరిశీలనకు పిలిచినప్పుడు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక, బాధ్యత ఒప్పుకోకుండానే రిపేరు ఖర్చు 22 వేలు ఇవ్వడానికి అంగీకరించింది. షోరూం ప్లాన్ సొమ్ముతోపాటు ఖర్చుల కింద ఐదు వేలు ఇచ్చింది. మొత్తం 33,499 రూపాయలు. మానసిక వేదనకు ఏమీ రాలేదు. పోరాడి తీర్పు తెచ్చుకుంటే ఇంకొంత రావచ్చని, అప్పీలుకు పోతే ఇంకో రెండేళ్లు పట్టవచ్చని రెండూ చెప్పి నిర్ణయం తండ్రికే వదిలాను. ఆయన ఒక రాత్రి ఆలోచించి, కొడుకుతో మాట్లాడి, సంతకం పెట్టారు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

ఇదే లాప్‌టాప్ జర్మనీలో కొని ఉంటే కథ వేరుగా నడిచేది. అక్కడి అమ్మకందారు మొదటి ఏడాది నిరూపణ భారం మోసేవాడు, 439వ సెక్షన్ ప్రకారం రవాణా ఖర్చులు కూడా భరించేవాడు. అతను చదువు ముగించి హైదరాబాద్ వచ్చేశాక పాడైనా రెండేళ్లలోపు ఆ హక్కు పోదు, అయితే వస్తువును అక్కడికి చేర్చడమనే సమస్య తిరగబడి వస్తుంది. అందుకని ఎక్కడ కొనాలన్న ప్రశ్నకు నేను ఇప్పుడిచ్చే సలహా ధరను బట్టి కాదు. రాబోయే రెండేళ్లు ఏ దేశంలో ఉంటారో అక్కడ కొనమంటాను. మొదటి వారం నుంచే తరగతులకు కావాలి, ఇక్కడే కొంటాం అంటే, సీరియల్ నంబరుతో దేశాంతర సేవ వర్తిస్తుందని కంపెనీ రాతలో చెప్పిన మోడల్‌నే ఎంచుకోమంటాను, షోరూం పొడిగింపు ప్లాన్ జోలికి వెళ్లవద్దంటాను.

నా వైపు కూడా ఒక అలవాటు మారింది. ఇప్పుడు ఏ వారంటీ కేసుకైనా మొదటి సమావేశంలో బుక్‌లెట్ కంటే ముందు ఫోను అడుగుతాను. కొనడానికి ముందు వారం రోజుల వాట్సాప్, కాల్ రికార్డులు, షోరూం పంపిన పోస్టర్లు, అన్నీ. ఏం కోరాలన్నది వాటిని చదివాకే రాస్తాను.

కిందటి జులైలో ఇలాగే పిల్లను ఐర్లాండ్ పంపుతున్న ఒక తల్లి లాప్‌టాప్ కొనడానికి ముందే వచ్చారు. డబ్బు కట్టేముందు షోరూంకు ఈ సందేశం పంపమని రాసిచ్చాను: ‘మా అమ్మాయి సెప్టెంబరులో ఐర్లాండ్ వెళ్తోంది. ఈ మోడల్ అక్కడ పాడైతే, అక్కడి కంపెనీ సర్వీస్ సెంటరులో వారంటీ కింద ఉచితంగా బాగు చేస్తారా? అవును లేదా కాదు అని దయచేసి రాసి పంపండి.’ మధ్యాహ్నానికి జవాబు వచ్చింది: ‘ఒకసారి షోరూంకి రండి మేడం, మాట్లాడదాం.’ ఆవిడ వెళ్లలేదు. అమ్మాయి డబ్లిన్‌లో దిగిన రెండో రోజు అక్కడే కొనుక్కుంది.